బట్టీకి కావలసింది గింజా, భూమా?

హైవే పక్క పొలాలకు ప్లాట్ల వాళ్లు వచ్చారు, ఫాంహౌస్‌ల వాళ్లు వచ్చారు, రిసార్టుల వాళ్లు, సోలార్ వాళ్లు వచ్చారు. వాళ్ల వెనకే ఇంకో బేరానికి మనం సిద్ధంగా ఉండాలి. దాని పేరు క్రాఫ్ట్ డిస్టిలరీ. ఇది పెద్ద ఫ్యాక్టరీ కాదు. ఒకటి రెండు రాగి బట్టీలు పెట్టి, తక్కువ సరుకు తీసి, ఎక్కువ ధరకు అమ్మే చిన్న కార్ఖానా. దాన్ని ఆనుకుని సందర్శక కేంద్రం ఉంటుంది. పట్నం నుంచి కార్లలో వచ్చినవాళ్లకు బట్టీ తిప్పి చూపిస్తారు, రుచి చూపిస్తారు, భోజనం పెడతారు, సీసా చేతికిచ్చి పంపుతారు. స్కాట్లాండ్‌లో ఇది పాత సంగతి. మన దేశంలో నాసిక్ వైన్ తోటలు, గోవా బట్టీలు దీన్ని అలవాటు చేశాయి.

పొలం అడగడానికి వచ్చినప్పుడు రైతుకు చెప్పే మాట మాత్రం ఒకటే ఉంటుంది: మీ పంటకు ఊళ్లోనే మార్కెట్ వస్తుంది. ముందు ఈ మాటకే లెక్క కడదాం.

ఏడాదికి 50,000 లీటర్లు సీసాలకెత్తే బట్టీ అనుకోండి. ఈ తరహాలో అది మరీ చిన్నదేమీ కాదు. సీసాలో ఆల్కహాల్ 42.8 శాతం ఉంటే, అసలు ఆల్కహాల్ 21,400 లీటర్లు. టన్ను మొక్కజొన్న నుంచి సుమారు 380 లీటర్లు దిగుతుందనుకుంటే, ఏడాది పొడవునా బట్టీ తినేది 56 టన్నులు. ఎకరాకు 25 క్వింటాళ్లు తీసే రైతులకు అది 22, 23 ఎకరాల పంట. ఊళ్లో ఒక మూల పొలాలతో సరిపోతుంది. 2025-26కు కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 2,400 రూపాయలు. ఆ ధరే ఇచ్చారనుకున్నా (యార్డులో ఎంత దక్కుతోందో మనకు తెలియంది కాదు) ఏడాది మొత్తం గింజల ఖర్చు 13 లక్షల 44 వేలు. హైవే పక్కన ఎకరం ధర దీనికి ఎన్ని రెట్లో మీ మండలం లెక్క మీరే చూసుకోండి.

సీసా లెక్కన చూస్తే ఇంకా తేటగా కనబడుతుంది. 750 మిల్లీలీటర్ల సీసాలో పట్టేది 850 గ్రాముల మొక్కజొన్న. అంటే 20 రూపాయల గింజలు. ఆ సీసా అంగట్లో వేలల్లో పలుకుతుంది. అందులో పెద్ద వాటా ఎక్సైజ్ పన్నులకు పోతుందనే మాట నిజమే. గాజు సీసా, పీపాలు, ఏళ్ల తరబడి నిల్వ, ప్రచారం, వీటికీ ఖర్చవుతుంది. అయినా 20 రూపాయలు 20 రూపాయలే. రేటు రెట్టింపు చేయించినా ఊరి బతుకు మారదు.

పైగా ఆ 20 రూపాయలైనా ఊరికే వస్తాయన్న నమ్మకం లేదు. మన దేశంలో క్రాఫ్ట్ జిన్ పేరుతో వస్తున్న వాటిలో చాలావరకు పెద్ద డిస్టిలరీల నుంచి తటస్థ స్పిరిట్ కొని, మూలికలు, తొక్కలు వేసి మళ్లీ బట్టీ పట్టినవే. గోవాలోని పాల్ జాన్ విస్కీకి సందర్శక కేంద్రం ఉంది, పేరు కూడా ఉంది. బార్లీ మాత్రం ఉత్తరాది నుంచి వస్తుంది. అది తప్పని నేను అనను. గోవాలో బార్లీ పండదు మరి. కానీ బట్టీ ఎక్కడుంటే అక్కడి పంటకు మార్కెట్ వస్తుందన్న మాట నిలవదని దీన్నిబట్టి తెలుస్తుంది.

మరి పట్నం పక్కన పారిశ్రామికవాడలో షెడ్డు వేసుకోకుండా పొలంలోకి ఎందుకు రావడం? సందర్శకుడికి చూపించడానికి చెరువు కావాలి, గుట్ట కావాలి, చేను కావాలి. సీసా మీద వేయడానికి ఊరి పేరు కావాలి. బోరు నీళ్లు కావాలి. రేపు వ్యాపారం నడవకపోయినా విలువ పెరిగే భూమి కావాలి. ఈ వ్యాపారంలో మనం అమ్ముకోగలిగిన ఖరీదైన సరుకు భూమి, నీరు, ఊరి పేరు. వాటిని ఏకమొత్తంగా రాసిచ్చి, గింజలకు రేటు దగ్గర గీచి గీచి బేరమాడితే ఏం లాభం?

రాసివ్వడం ఎంత సులువో చూడండి. వ్యవసాయ భూమిని వ్యవసాయేతర అవసరానికి మార్చడానికి ఉమ్మడి రాష్ట్రంలో 2006లో చట్టం వచ్చింది. మనం నాలా అంటాం. తెలంగాణలో ఇప్పుడది స్లాట్ బుక్ చేసుకుని ఫీజు కట్టే వ్యవహారం. ఆంధ్రప్రదేశ్‌లో ఆ చట్టాన్నే 2025లో రద్దు చేసి, అభివృద్ధి చార్జీ కట్టించుకునే పద్ధతి తెచ్చారు. రెండుచోట్లా ప్రభుత్వం ప్రధానంగా చూసేది రుసుము కట్టారా లేదా అనే. అక్కడ కట్టబోయే దానికి, చుట్టూ ఉన్న సేద్యానికి ఏమైనా సంబంధం ఉందా అని అడిగే నాథుడు లేడు. మారిన భూమికి పంట రుణం ఉండదు, పంటల బీమా ఉండదు, పీఎం కిసాన్ ఉండదు, ఉచిత కరెంటు ఉండదు. అమ్ముకున్న పట్టాదారుకు వీటితో పనిలేదు, చేతికి డబ్బొచ్చింది. ఆ చేను కౌలుకు చేస్తున్నవాడి సంగతే ఎవరికీ పట్టదు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 చట్టం కింద సాగుదారు హక్కు పత్రం ఉన్నా అది 11 నెలల ముచ్చటే. భూమి చేతులు మారితే అతనికి పరిహారం లేదు. సందర్శక కేంద్రంలో కాపలా ఉద్యోగం ఇస్తామంటారు. నిన్నటిదాకా పదెకరాలు దున్నినవాడికి అది ఉపాధి అనడానికి నోరు రావాలి.

ఇలా కాకుండా చేయవచ్చా అంటే చేయవచ్చు, చేసినవాళ్లున్నారు. కెనడాలో బ్రిటిష్ కొలంబియా అనే రాష్ట్రం ఉంది. కొండలూ అడవులూ ఎక్కువ, సాగుభూమి తక్కువ. పట్టణాలు పెరిగి ఉన్న కాస్త నేలనూ మింగేస్తున్నాయని 1973లో అక్కడి ప్రభుత్వం సాగుకు పనికొచ్చే భూములన్నిటినీ వ్యవసాయ భూ నిధి కింద గుర్తించి కట్టడి పెట్టింది. అది రాష్ట్ర విస్తీర్ణంలో సుమారు 5 శాతం. అందులో వేరే పని చేయాలంటే భూమి కమిషన్ ఒప్పుకోవాలి. ఆ భూముల్లో మద్యం తయారీకి కూడా అనుమతి ఉంది. వైన్‌తో మొదలుపెట్టి తర్వాత బీరుకు, బట్టీలకు విస్తరించారు. కానీ షరతు చూడండి: బట్టీలో వాడే పంటలో కనీసం సగం ఆ పొలంలోనే పండాలి. పొలం రెండు హెక్టార్లు దాటితే, ఆ సగంలోకి రాష్ట్రంలోని ఇతర రైతుల పంటనూ లెక్కించుకోవచ్చు, అయితే వాళ్లతో కనీసం మూడేళ్ల ఒప్పందం ఉండాలి. రుచి చూపించే కూర్చునే చోటుకు కూడా కొలత పెట్టారు: లోపల 125 చదరపు మీటర్లు, బయట 125. మన లెక్కలో ఒక్కొక్కటి 1,350 చదరపు అడుగుల లోపే. కల్యాణ మండపం కట్టి దానికి డిస్టిలరీ అని బోర్డు తగిలించడం కుదరదన్నమాట.

అదే రాష్ట్రం 2013లో ఇంకో మెలిక పెట్టింది. క్రాఫ్ట్ డిస్టిలరీ అనే గుర్తింపు, దానితో వచ్చే రాయితీ కావాలంటే ముడిసరుకు నూటికి నూరు పాళ్లు ఆ రాష్ట్రంలో పండిందే అయి ఉండాలి. ఊట పెట్టడం, బట్టీ పట్టడం అక్కడే జరగాలి. బయటి నుంచి తటస్థ స్పిరిట్ తెచ్చి కలిపితే గుర్తింపు పోతుంది.

అక్కడ అంతా సవ్యంగా ఉందని చెప్పడం లేదు. పొలం పేరుతో రాజభవనాల్లాంటి ఇళ్లు కట్టుకున్న డబ్బున్నవాళ్లు అక్కడా ఉన్నారు. ఎంతవరకు పోయిందంటే, 2018లో ఆ భూముల్లో ఇంటి పరిమాణానికి 500 చదరపు మీటర్ల హద్దు పెడుతూ చట్టం మార్చాల్సి వచ్చింది. మన ఫాంహౌస్‌ల తంతు చూసినవాళ్లకు ఇది కొత్తగా అనిపించదు. కానీ హద్దు అనేది ఒకటి చట్టంలో ఉంది కాబట్టి దాన్ని బిగించే వీలు ఉంది. మనకు బిగించడానికి ఏముంది?

అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రం 2007లో వ్యవసాయ డిస్టిలరీ చట్టం చేసింది. పొలంలో బట్టీ పెట్టుకోవచ్చు, వచ్చినవాళ్లకు అక్కడే రుచి చూపించి అమ్ముకోవచ్చు. కానీ ముడిసరుకులో కనీసం 75 శాతం ఆ రాష్ట్రంలో పండిందే ఉండాలి. ఆ చట్టం కోసం గట్టిగా తిరిగినవాళ్లలో గార్డినర్ అనే ఊళ్లోని టథిల్‌టౌన్ బట్టీ యజమానులున్నారు. పాత పిండిమర పక్కన మొదలైన ఆ చిన్న బట్టీ విస్కీ పేరును 2010లో స్కాట్లాండ్‌కు చెందిన విలియం గ్రాంట్ అండ్ సన్స్ కొనేసింది. 2017లో బట్టీని కూడా కొనేసింది. చిన్నది అన్నది పదేళ్లు తిరగకుండానే పెద్దవాళ్ల చేతికి పోయింది. మనకు ఇందులో పాఠం ఏమిటంటే, వచ్చినవాడు మంచివాడా, మన జిల్లావాడా, రైతుబిడ్డా అని చూసి భూమి ఇవ్వడానికి లేదు. మాట మనిషితో పోతుంది. షరతు లైసెన్సులో ఉంటే, ఆ లైసెన్సు నడిచినంతకాలం యజమాని ఎవరైనా తలవంచాలి.

మన రాయలసీమకు ఇది దూరపు కథేమీ కాదు. కిత్తనార అంటాం, కొన్నిచోట్ల రాకాసి మట్టలు అంటారు. గట్ల మీద, రైలు కట్టల పక్కన, గొర్రెలు చేలో పడకుండా కంచెగా ఉండే ఆ ముళ్ల మట్టల మొక్క అగేవ్ జాతిది. మెక్సికోలో టెకీలా తీసేది ఈ కుటుంబపు మొక్క నుంచే. మన మట్టల నుంచి కూడా స్పిరిట్ తీయవచ్చని డెస్మండ్ నజరెత్ అనే ఆయన చిత్తూరు జిల్లాలో చిన్న బట్టీ పెట్టి నిరూపించి 2011లో సరుకు మార్కెట్లోకి తెచ్చారు. తర్వాత మరికొందరు దక్కన్ అగేవ్ పేరు సీసాల మీదికి ఎక్కించారు. నీళ్లు అడగని మొక్క. వేరుశెనగ ఎండిపోయిన ఏడు కూడా గట్టు మీద పచ్చగా ఉంటుంది. దీనికి ధర ఉంటే మంచిదే కదా అని ఎవరికైనా అనిపిస్తుంది. నాకూ అనిపిస్తుంది.

అయితే ఇప్పటివరకు అది ఏ లెక్కలోనూ లేని మొక్క. పంట నమోదులో లేదు, మద్దతు ధర లేదు, బీమా లేదు. కంచె మొక్కను అడిగినవాడికి ఊరికే కొట్టుకుపొమ్మనే అలవాటు మనది. అది గడ్డ కట్టి కోతకు రావడానికి ఎనిమిది, పదేళ్లు పడుతుంది. ఒక్కసారే పూస్తుంది, పూసిందంటే చచ్చిపోతుంది. పూతకు ముందే కొట్టాలి. ఇలాంటి మొక్కను చేనంతా వేయమని రేపు ఎవరైనా చెబితే, పదేళ్ల తర్వాత కొనేవాడు ఉంటాడా అన్నది మొదటి ప్రశ్న. మెక్సికోలో ఏం జరిగిందో తెలిస్తే ఈ ప్రశ్న ఎందుకు అడగాలో అర్థమవుతుంది. టెకీలా గిరాకీ చూసి అక్కడ కిలో గడ్డ 30 పెసోల వరకు పలికింది. అందరూ అదే వేశారు. ఆ మొక్కలు కోతకు వచ్చేసరికి, 2024 నాటికి, ధర పది పెసోల లోపుకు కూలింది. మన టమాటా రైతుకు మూడు నెలల్లో జరిగేది అక్కడ ఆరేడేళ్ల పెట్టుబడి మీద జరిగింది.

నాసిక్ కూడా ఇదే చెబుతుంది. మహారాష్ట్ర 2001లో ద్రాక్ష ప్రాసెసింగ్ విధానం తెచ్చి వైనరీలకు ఎర్ర తివాచీ పరిచింది. రైతులు వైన్ రకాలు నాటారు. వైన్ ద్రాక్ష చిన్నగా, గింజలతో, గట్టి తోలుతో ఉంటుంది. తినడానికి ఎవరూ కొనరు. 2008 తర్వాత మాంద్యం వచ్చి కొన్ని కంపెనీలు కొనుగోళ్లు ఆపేస్తే ఆ పండును బుట్టలో పెట్టుకుని ఏ మార్కెట్‌కు పోవాలి? తోటలు నరికి మళ్లీ తినే రకాలు వేసుకున్నవాళ్లు ఎందరో. నిలదొక్కుకున్న కంపెనీలు ఇప్పుడు దీర్ఘకాలిక ఒప్పందాలతో రైతుల దగ్గర కొంటున్నాయి, సందర్శకులతో కళకళలాడుతున్నాయి. మొదటి దెబ్బ మాత్రం రైతే తిన్నాడు.

ఇంతవరకు మద్యం అన్న మాట మీద ఆగకుండా వచ్చాను. ఆగకతప్పదు. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు 1992లో సారా అంగడి మూయించిన నేల ఇది. ఆ పోరాటం ఊరూరా పాకి 1993 అక్టోబర్ 1 నుంచి సారా నిషేధం తెచ్చింది, 1995లో సంపూర్ణ మద్యనిషేధం దాకా పోయింది. ఆ నిషేధం రెండేళ్లలో సడలిపోయింది, అది వేరే చర్చ. మన సంఘం సభల్లో వెనక వరుసల్లో కూర్చునే ఆడవాళ్లలో ఆ రోజుల్లో కర్రలు పట్టుకుని నడిచినవాళ్లు ఉన్నారు. రైతు సంఘం పత్రికలో బట్టీకి షరతులు రాయడమేమిటి, వద్దని ఒక్క ముక్కలో చెప్పరాదా అని వాళ్లు అడిగితే న్యాయమే.

నా జవాబు ఇది. వేల రూపాయల సీసా పట్నం వాళ్లు తాగేది. ఊళ్లో సంసారాలు కూల్చేది బెల్టు షాపు సరుకు అనే వాదన నాకు తెలుసు. అందులో కొంత నిజముంది. కానీ లైసెన్సు ఉన్న చోట చిల్లర అమ్మకం ఎప్పుడు మొదలవుతుందో, గేటు బయట పాక ఎప్పుడు లేస్తుందో చెప్పలేం. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో 1996 నాటి పెసా చట్టం మత్తుపదార్థాల అమ్మకం, వాడకాన్ని నియంత్రించే అధికారం గ్రామసభకు ఇచ్చింది. మైదాన ప్రాంతాల్లోనూ బట్టీ లాంటి దానికి గ్రామసభ తీర్మానం, అందులోనూ మహిళల ఓటు విడిగా, తప్పనిసరి చేయాలి. వాళ్లు వద్దంటే వద్దు. ఎకరాకు ఎంత ఇస్తామన్నారన్న లెక్క ఆ ఓటు తర్వాతే రావాలి.

ఏజెన్సీ ప్రాంతాలకు ఇంకో మాట. ఇప్పపువ్వు నుంచి సారా తీయడం గిరిజనుల ఇళ్లలో తరాలుగా ఉన్నదే. మధ్యప్రదేశ్ 2022లో ఇప్ప మద్యాన్ని వారసత్వ మద్యంగా గుర్తించి తయారీ హక్కు గిరిజన స్వయం సహాయక బృందాలకే ఇచ్చింది. అలీరాజ్‌పూర్, డిండోరి జిల్లాల్లో యూనిట్లు పెట్టారు. అమ్మకాలు ఎలా ఉన్నాయన్నది తర్వాతి సంగతి. పూలు ఏరేవాళ్ల చేతిలోనే బట్టీ కూడా ఉండాలన్న సూత్రం మాత్రం సరైనది. మన దగ్గర ఆ సారాకు ఇప్పటికీ దక్కుతున్నది ఎక్సైజ్ వాళ్ల దాడులూ, ఊట పారబోతలూ.

కాలుష్యం గురించి ఎక్కువ రాయనక్కర్లేదు. నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్‌లో 2024 నవంబర్‌లో, గద్వాల జిల్లా పెద్ద ధన్వాడలో 2025 జూన్‌లో ఇథనాల్ ఫ్యాక్టరీల మీద రైతులు ఎందుకు తిరగబడ్డారో చదువరులకు తెలుసు. అవి రోజుకు లక్షల లీటర్ల ఫ్యాక్టరీలు, క్రాఫ్ట్ బట్టీ దాని ముందు ఎలుక పిల్ల. అయినా చిన్న బట్టీ నుంచి వచ్చేదీ అదే జాతి నీరు. మొలాసిస్ వాడే చోట లీటరు స్పిరిట్‌కు 8 నుంచి 15 లీటర్ల స్పెంట్ వాష్ వస్తుంది. కాలుష్య నియంత్రణ మండలి డిస్టిలరీలను ఎరుపు జాబితాలో పెట్టింది. చిన్నది కదా అని మినహాయింపు అడిగితే ఒప్పుకోరాదు. బోరు విషయంలో వాల్టా చట్టం 2002 నుంచి ఉంది; సందర్శక కేంద్రం గదులకూ ఈత కొలనుకూ నీళ్లు ఎక్కడివో ముందే రాయించాలి.

కాబట్టి సంఘం ముందున్న పని బట్టీ మంచిదా చెడ్డదా అని తీర్పు చెప్పడం కాదు. రెండు రాష్ట్రాల ప్రభుత్వాల దగ్గర ఒక నిర్దిష్టమైన డిమాండ్ పెట్టాలి. పొలంలో బట్టీకి, సందర్శక కేంద్రానికి అనుమతి అడిగేవాడు ముడిసరుకులో సగానికి తగ్గకుండా ఆ మండలం రైతుల దగ్గర, రాతపూర్వక ఒప్పందంతో, మద్దతు ధరకు తగ్గకుండా కొనాలని ఎక్సైజ్ లైసెన్సులోనే రాయాలి. కట్టడాల విస్తీర్ణానికి హద్దు ఉండాలి. కొనుగోళ్ల లెక్క ఏటా గ్రామసభ ముందు పెట్టాలి. తప్పితే లైసెన్సు ఆగాలి, భూమి తిరిగి వ్యవసాయ భూమిగా నమోదు కావాలి. ఆ చేను చేసుకుంటున్న కౌలుదారుకు పరిహారం లేకుండా భూమి మార్పిడి జరగరాదు.

చట్టం వచ్చేదాకా మన చేతిలో ఉన్నది ఒప్పందమే. ఎవరైనా వచ్చి అడిగితే అమ్మకానికి కాదు, కౌలుకు అనండి. భూమి పట్టా మీ పేరునే ఉండాలి. ఒక్కరు కాకుండా పది మంది రైతులు ఉత్పత్తిదారుల సంఘంగా ఏర్పడి మాట్లాడండి. కౌలు మూడేళ్లకోసారి పెరగాలి. సందర్శకుల టికెట్టులో వాటా అడగండి, సీసా మీద ఊరి పేరు వాడుకుంటే దానికి విడిగా అడగండి. అన్నిటికన్నా ముందు, బట్టీ మూతపడితే షెడ్లు, కాంక్రీటు, పీపాలు తొలగించి చేను చేనుగా అప్పగించే ఖర్చు ఎవరిదో రాయించి, అందుకు సరిపడా సొమ్ము బ్యాంకులో డిపాజిట్ చేయించండి. ముసాయిదా కాగితం చేతికి రాగానే సంతకం పెట్టే ముందు జిల్లా సంఘం న్యాయవాదికి చూపించండి. ఆ పనికి సంఘం ఫీజు తీసుకోదు.